అప్పుడే ఆ పని చేసి ఉంటే...!

ఇరవై ఏళ్లవారికి చేసిన పని గుచ్చుకుంటుంది. అరవై దాటినవారికి చేయని పని గుచ్చుకుంటుంది. 'అయ్యో' అనుకోని మనిషంటూ ఉండరు. కాకపోతే వయసుతోపాటే ఆ 'అయ్యో' రూపం మారుతుంది. దాన్ని దాటే దారి కూడా మారుతుంది. ఏ వయసులో ఏ చింత వేధిస్తుంది? ఏది సరిదిద్దుకోవాలి? ఏది దించుకోవాలి?

సంక్రాంతి దాటిందంటే సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లలో కల్లాలన్నీ ఎర్రదుప్పటి కప్పుకుంటాయి. కాయ ఎండుతుంది. తాలు వేరవుతుంది. సరుకు టిక్కీలకెక్కుతుంది. అప్పుడు మొదలవుతుంది రైతు ఇంట్లో అసలు చర్చ. ఇప్పుడే గుంటూరు యార్డుకు తోలేద్దామా... ఏసీలో పెట్టి రేటు పెరిగాక అమ్ముదామా? (కోల్డ్‌ స్టోరేజీని ఇక్కడ ఏసీ అంటేనే అందరికీ తెలుస్తుంది.) ఇంటాయన ఒకటంటాడు. ఇల్లాలు ఇంకోటంటుంది. బావమరిది ఫోన్లో మరో మాట చెబుతాడు. చివరికి ఏదో ఒకటి తేల్చుకుంటారు.

అమ్మిన నెలకే రేటు పెరిగితే... 'అయ్యో, ఆగాల్సింది!' ఆగిన తర్వాత రేటు పడితే... 'అయ్యో, ఆరోజే అమ్మేయాల్సింది!' 2023లో క్వింటాలు మిర్చి 20 వేల రూపాయలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరి నాటికి ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రమే జోక్యం చేసుకుని 11,781 రూపాయలు లెక్కగట్టాల్సి వచ్చింది. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని ఇళ్ల నిద్ర కరిగిపోయిందో మిర్చి రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే మిర్చి చింతకు ఒక సుఖముంది. వచ్చే ఏడాది మళ్లీ పంట వస్తుంది. చదువు, పెళ్లి, ఉద్యోగం, పొలం, కన్నవాళ్లు, పిల్లలు... ఇవి అలా కాదు. వీటి విషయంలో మనసుకు తగిలిన 'అయ్యో' ఒక సీజన్‌తో పోదు. కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

రాతి మీద చెక్కిన చింత

తప్పు చేశానని ఒప్పుకోవడం మనలో చాలామందికి చిన్నతనం. కానీ రెండువేల రెండొందల ఏళ్ల కిందటే ఒక చక్రవర్తి తన చింతను రాళ్ల మీద చెక్కించాడు. ఆ రాళ్లు మన తెలుగునేల మీదా ఉన్నాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర కొండరాళ్లపై అశోకుడి శాసనాలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం గురించి. లక్షమంది హతమయ్యారనీ, లక్షన్నరమందిని తరలించుకుపోయారనీ, అందుకు తానెంతో బాధపడుతున్నాననీ చక్రవర్తే చెప్పుకున్నాడు.

ఇక్కడ గమనించాల్సింది మరోటుంది. ఆయన బాధపడి ఊరుకోలేదు. మనుషులకూ పశువులకూ వైద్యం, దారుల వెంట బావులు, చెట్లు... ఇవన్నీ ఆ శాసనాల్లోనే ఉన్నాయి. జరిగిపోయిన యుద్ధాన్ని ఆయన వెనక్కి తేలేడు. చేతిలో మిగిలిన రోజుల్ని మాత్రం మార్చుకోగలిగాడు.

మన పల్నాటి వీరగాథలోనూ ఇలాంటి ఘట్టముంది. కోడిపందెంతో రాజుకున్న వైరం కారంపూడి రణరంగం దాకా వెళ్లింది. అంతా అయిపోయాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని పల్నాడు చెప్పుకుంటుంది. ఇద్దరూ యుద్ధం చూసినవారే. ఒకరు జనంలోకి వచ్చారు, ఒకరు బిలంలోకి వెళ్లారు. మన మనసుల ముందూ ఎప్పుడూ ఉండేవి ఈ రెండు దారులే.

చేసినదా... చేయనిదా?

చింతల్లో రెండు రకాలున్నాయంటారు మనస్తత్వ శాస్త్రవేత్తలు. 'ఎందుకు చేశానా' అనేది ఒకటి. 'ఎందుకు చేయలేదా' అనేది రెండోది.

1982లో డేనియల్‌ కానెమన్‌, ఏమోస్‌ ట్వర్‌స్కీ అనే శాస్త్రవేత్తలు ఒక చిన్న చిక్కుప్రశ్న వేశారు. ఇద్దరు మనుషులున్నారు. ఒకాయన తన దగ్గరున్న మంచి షేర్లు అమ్మేసి వేరేవి కొని 1,200 డాలర్లు పోగొట్టుకున్నాడు. రెండో ఆయన మంచి షేర్లకు మారదామనుకుని కూడా ఊరుకున్నాడు. అలా అతనికీ 1,200 డాలర్లు చేజారాయి. నష్టం ఇద్దరికీ ఒకటే. మరి ఎవరికి ఎక్కువ బాధ? నూటికి 92 మంది మొదటి ఆయనకే అన్నారు. చేజేతులా చేసుకున్నది కదా!

నిజమే. కానీ ఆ మంట ఎంతకాలం? అమెరికాలోని కార్నెల్‌ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్‌ గిలోవిచ్‌, విక్టోరియా మెడ్వెక్‌ 1990లలో ఈ సంగతి తరచి చూశారు. 'మీ జీవితం మొత్తంలో దేనికి ఎక్కువ బాధపడుతున్నారు' అని అడిగితే జవాబు తలకిందులైంది. ఎక్కువమంది చేయని పనుల గురించే చెప్పారు. కాలిఫోర్నియాలో చిన్నప్పుడు మహా తెలివైనవారిగా గుర్తించి, ముసలితనం దాకా పరిశోధకులు గమనిస్తూ వచ్చిన ఒక బృందం ఉంది. 70 ఏళ్లు దాటాక వారు చెప్పిన చింతల్లోనూ సగానికి పైగా చేయకుండా వదిలేసినవే. చేసిన తప్పులు అందులో పావు వంతైనా లేవు.

ఎందుకిలా? కారణం సులువైనదే. చేసిన తప్పుకు ఒక హద్దుంటుంది. ఫలితం కళ్లముందుంటుంది. క్షమాపణ చెబుతాం, అప్పు తీరుస్తాం, ఉద్యోగం మారతాం. 'పోన్లే, ఒక పాఠం నేర్చుకున్నాం' అని సర్దుకుంటాం. చేయని పనికి ఆ హద్దు లేదు. చేసి ఉంటే ఎంత గొప్పగా ఉండేదో ఊహకు అంతుండదు. వెళ్లని కాలేజీలో మనం ఎప్పుడూ ఫస్టు క్లాసే! పెట్టని వ్యాపారంలో ఎప్పుడూ లాభమే!

అందుకే ఒక్కో వయసులో ఒక్కో చింత పైకి తేలుతుంది.

ఇరవైల్లో... తొందరపాటు

ఇంటర్‌ ఫలితాలొచ్చిన రోజు. ఒక ఇంట్లో పిల్లాడు గది తలుపేసుకుంటాడు. సెల్‌ఫోన్‌లో పోగొట్టుకున్న సాయంత్రాలన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. ఎంసెట్‌ పేరు 2021 నుంచి ఈఏపీసెట్‌గా మారింది కానీ ర్యాంకు రాని ఇంట్లో మౌనం మాత్రం మారలేదు. ఇంకో ఇంట్లో అమ్మాయి, కోపంలో స్నేహితురాలికి పంపిన మెసేజీ తలచుకుని కుమిలిపోతుంటుంది. మరో కుర్రాడు స్నేహితులు చెప్పారని లోన్‌ యాప్‌లో అప్పు తీసుకుని ఇంట్లో చెప్పలేక నలుగుతుంటాడు.

ఈ వయసులో చింతలన్నీ దాదాపు చేసినవాటి గురించే. మంట ఎక్కువ, కాలం తక్కువ. నిజానికి ఇది మేలుచేసే మంట. వేడి తగిలితే చేయి వెనక్కి లాక్కున్నట్టు, ఇలాంటి బాధే మనిషికి తర్వాతి అడుగు నేర్పుతుంది. సరిదిద్దుకోవడానికి కాలం ఉంది కాబట్టే అది అంతగా గుచ్చుతుంది. సప్లిమెంటరీ పరీక్ష ఉంది. మరో కోర్సు ఉంది. 'సారీ' అనే రెండక్షరాల మాట ఉంది.

చిక్కల్లా ఎక్కడంటే, ఆ వయసులో 'ఈ పని తప్పు' అనేది చాలా తొందరగా 'నేనే తప్పు' అయిపోతుంది. అక్కడ పెద్దవాళ్లు అడ్డుపడాలి. 'నేను ముందే చెప్పాను కదరా' అనే మాట ఎంత నిజమైనా ఆ రాత్రి పనికిరాదు. 'సరే, అన్నం తిను. రేపు కూర్చుని ఏం చేయాలో చూద్దాం' అంటే చాలు. పిల్లల చూపు నిన్నటి మీదినుంచి రేపటి మీదికి మళ్లుతుంది.

నలభైల్లో... లెక్కలు

నలభై దాటాక లెక్కలు మొదలవుతాయి. తోటివాళ్లెవరు ఎక్కడున్నారు, మనమెక్కడున్నాం? బెంచీలో పక్కన కూర్చున్నవాడు అమెరికాలో ఉంటాడు. మనం ఇక్కడే ఎరువుల కొట్టు నడుపుకొంటూ ఉంటాం. పదోతరగతిలో మంచి మార్కులొచ్చినా ఆ వేసవిలోనే పెళ్లిపీటలెక్కిన ఇల్లాలికి, కూతురి ఇంటర్‌ పుస్తకాలకు అట్టలు వేస్తుంటే గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది.

దేని గురించి జనం ఎక్కువగా చింతిస్తారని అమెరికాలో జరిగిన అధ్యయనాలను నీల్‌ రోజ్‌, ఎమీ సమర్‌విల్‌ 2005లో ఒకచోట చేర్చి చూశారు. మొదటి స్థానం డబ్బుది కాదు, పెళ్లిదీ కాదు... చదువుది! ఆ తర్వాతే ఉద్యోగం, ప్రేమ, పిల్లల పెంపకం. దానికి వారు చెప్పిన కారణం ఆలోచించదగ్గది. ఇంకా అవకాశం మిగిలి ఉన్నచోటే చింత ఎక్కువగా ఉంటుందట. చదువు ఏ వయసులోనైనా చదవొచ్చు. అందుకే ఆ తలుపు మూసుకోదు, అందుకే ఆ వెలితి చల్లారదు.

అంటే ఈ చింత ఒక శిక్ష కాదు, ఒక పిలుపు. ఆ పిలుపు విన్న నేల మనది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. తర్వాత దానికి అంబేద్కర్‌ పేరు పెట్టారు. కాలేజీ మెట్లెక్కలేని ఎందరో ఉద్యోగులు, గృహిణులు దాని ద్వారా పట్టా అందుకున్నారు. ఓపెన్‌ స్కూల్‌ పద్ధతిలో పదోతరగతి, ఇంటర్‌ ఇప్పటికీ చదువుకోవచ్చు. గరిష్ఠ వయోపరిమితి లేదు.

1990లలో నెల్లూరు జిల్లాలో ఏం జరిగిందో గుర్తుందా? అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు పలకా బలపం పట్టారు. పాఠాల్లో సారా వల్ల చితికిన సంసారం కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టారు. దూబగుంటలో మొదలైన కదలిక ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చిన్నప్పుడు బడికి పోలేదనే వెలితి వారిని పలక దగ్గరికి తెచ్చింది. పలక వారిని ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చూడండి!

మన కల పిల్లల వీపు మీద

నలభైల్లో పొంచి ఉండే ప్రమాదం ఇంకొకటుంది. మనకు అందనిది పిల్లలతో అందుకోవాలనుకోవడం. 'నేను డాక్టర్ని కాలేకపోయాను, నువ్వు కావాలి' అంటాం. అంటే మన చింతను మూటగట్టి పిల్లాడి పుస్తకాల సంచిలో పెడుతున్నాం అన్నమాట. ఆ బరువు వాడికి తెలియదు, మోయడం మాత్రం తప్పదు.

అలాగని మన అనుభవాన్ని తర్వాతి తరానికి ఇవ్వకూడదా? ఇవ్వొచ్చు. పుల్లెల గోపీచంద్‌ సంగతే తీసుకోండి. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. మోకాలికి పెద్ద గాయమైనా కోలుకుని 2001లో ఆల్‌ ఇంగ్లండ్‌ టైటిల్‌ గెలిచారు. కానీ ఆటగాడిగా ఒలింపిక్స్‌ పతకం ఆయన మెడలో పడలేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌ నుంచి ఆయన ఉత్త చేతులతోనే తిరిగొచ్చారు. ఆ తర్వాత గచ్చిబౌలిలో అకాడమీ పెట్టారు. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్‌ కాంస్యం, 2016 రియోలో పి.వి.సింధు రజతం అందుకున్నప్పుడు కోర్టు పక్కన కోచ్‌గా ఉన్నది ఆయనే.

తేడా ఎక్కడుంది? ఆ పిల్లలు ఆట ఇష్టపడి రాకెట్‌ పట్టుకున్నవారు. ఆయన ఇచ్చింది తన వెలితిని కాదు, తనకు తెలిసిన విద్యను. మనమూ పిల్లలకు ఏదైనా ఇచ్చేముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. ఇది వాడికి కావాలా... నాకు కావాలా?

ఆ ఎకరం ఉంచుకుని ఉంటే...

సత్తెనపల్లిలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా వినిపించే చింత మరొకటుంది. భూమి! అమరావతి ఇక్కడికి దూరమేమీ కాదు. 2015లో రాజధాని గ్రామాల్లో భూసమీకరణ మొదలయ్యాక చుట్టుపక్కల ధరలకు రెక్కలొచ్చాయి. అంతకు ఏడాది ముందు కూతురి పెళ్లికని ఎకరం అమ్మినవారు నెత్తి కొట్టుకున్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. పెద్ద ధర పెట్టి కొన్నవారు నెత్తి కొట్టుకున్నారు. అప్పుడు భయపడి అయినకాడికి అమ్ముకున్నవారి వంతు 2024లో వచ్చింది. ఎన్నికల తర్వాత రాజధాని పనులు మళ్లీ ఊపందుకున్నాయి కదా!

ఇందులో ఎవరు తెలివితక్కువవారు? ఎవరూ కాదు. కూతురి పెళ్లికి పొలం అమ్మిన తండ్రి, ఆరోజు చేతిలో ఉన్న సమాచారంతో, ఆరోజు ఇంట్లో ఉన్న అవసరానికి సరైన పనే చేశాడు. ఇవాళ్టి ధర చేతిలో పెట్టుకుని నిన్నటి నిర్ణయాన్ని తూకం వేస్తే ఏ నిర్ణయమైనా తేలిపోతుంది. జరిగింది తెలిశాక 'ఇది ముందే తెలుసు' అనిపించడం మనసు చేసే గారడీ అని బరూక్‌ ఫిషాఫ్‌ అనే శాస్త్రవేత్త 1975లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. నిర్ణయం వేరు, ఫలితం వేరు. మంచి నిర్ణయానికి చెడ్డ ఫలితం రావచ్చు. తొందరపాటు నిర్ణయానికీ ఒక్కోసారి లాటరీ తగలొచ్చు.

అనుభవమున్న మిర్చి రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. సరుకంతా ఒకేసారి అమ్మడు, అంతా ఏసీలోనూ పెట్టడు. కూలీలకూ అప్పులకూ సరిపడా కొన్ని టిక్కీలు యార్డుకు తోలతాడు. మిగతావి దాస్తాడు. రేటు పెరిగినా తగ్గినా ఏదో ఒక సగం ఆదుకుంటుంది. లాభం కొంచెం తగ్గొచ్చు. నిద్ర మాత్రం మిగులుతుంది.

అరవై దాటాక... దించుకోవడం

పెద్ద వయసులో చింత మళ్లీ రంగు మారుస్తుంది. ఇప్పుడు సరిదిద్దుకునే అవకాశాలు తక్కువ. చదువు పట్టాలు, ఉద్యోగాలు వెనకబడతాయి. మనుషులు ముందుకొస్తారు. 'తమ్ముడితో గట్టు తగాదా అంతదూరం తీసుకెళ్లకుండా ఉండాల్సింది.' 'ఆమె బతికున్నన్నాళ్లూ ఒక్క మంచిమాట అనలేదు.' 'పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు కొట్టు కట్టేసి త్వరగా ఇంటికి రావాల్సింది.'

ఆస్ట్రేలియాలో మరణశయ్య మీద ఉన్నవారికి సేవలు చేసిన బ్రానీ వేర్‌, వారు చివరిరోజుల్లో చెప్పుకున్న మాటలను పుస్తకంగా రాసింది. తనకు నచ్చినట్టు బతికి ఉండాల్సింది, అంత చాకిరీ చేయకుండా ఉండాల్సింది, మనసులో మాట చెప్పి ఉండాల్సింది, స్నేహితుల్ని పోగొట్టుకోకుండా ఉండాల్సింది, ఇంకాస్త సంతోషంగా ఉండాల్సింది... అవీ ఆ అయిదు చింతలు. ఇందులో ఆస్తి మాట లేదు, గమనించారా?

మరి ఈ వయసులో ప్రశాంతంగా ఉండేవారి రహస్యమేంటి? జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన ఒక పరిశోధన 2012లో వెలువడింది. యువకులకూ, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకూ, కుంగుబాటుతో ఉన్న పెద్దలకూ కంప్యూటర్‌లో ఒక ఆట ఇచ్చారు. వరసగా పెట్టెలు తెరుచుకుంటూ పోవాలి. బంగారం దొరికితే లాభం. దెయ్యం బొమ్మ వస్తే దక్కిందంతా పోతుంది. ఎక్కడైనా ఆగిపోవచ్చు. ఆగాక 'ఇంకా ఇన్ని పెట్టెలు తెరవగలిగేవారు' అని చూపిస్తారు. అది చూసి యువకులు, కుంగుబాటుతో ఉన్న పెద్దలు తర్వాతి ఆటలో తెగించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు మాత్రం చలించలేదు. పోయిన పెట్టెల్ని తలచుకోకుండా తమ ఆట తాము ఆడుకున్నారు. మెదడు స్కానింగుల్లోనూ ఆ తేడా కనిపించింది.

అంటే వయసు తెచ్చే జ్ఞానం ఇదే. ఏ పెట్టె ఇక తెరుచుకోదో, దాని ముందు నుంచి లేచి రావడం. కుర్రతనంలో పట్టుదల ఎంత గుణమో, పెద్దతనంలో వదిలేయడం అంత గుణం.

అయితే అన్నీ వదిలేయాల్సినవే కావు. తమ్ముడు బతికే ఉన్నాడు కదా! నాలుగు వీధుల అవతలే ఉంటాడు కదా! పండక్కి వెళ్లి గుమ్మంలో నిలబడితే తలుపేసుకుంటాడా? అలాంటి చింతను మోసుకుంటూ పోవడం అనవసరం. ఆటో ఎక్కితే పది నిమిషాల్లో తీరిపోయేది అది.

విదేశాల్లో ఉన్న పిల్లలకూ ఈ మాట వర్తిస్తుంది. 2020 మార్చిలో కొవిడ్‌ కారణంగా అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న ఎందరో తెలుగువాళ్లు కన్నవారి చివరిచూపును ఫోన్‌ తెరమీదే చూశారు. రాలేకపోవడం వారి తప్పు కాదు. తమ చేతిలో లేనిదానికి తమను తాము నిందించుకోనక్కర్లేదు. కానీ ఇప్పుడు విమానాలు తిరుగుతున్నాయి. 'వచ్చే ఏడాది వస్తాను నాన్నా' అనేమాట ఎన్నోసారి అంటున్నామో ఒకసారి లెక్కపెట్టుకోవాలి. అమ్మ చేసే గోంగూర పచ్చడి కొలతలు, నాన్న చెప్పే పాత ఊరి కబుర్లు ఫోన్లోనైనా రికార్డు చేసుకోవాలి. రేపటి చింతకు ఇవాళే మందు వేయడమంటే ఇదే.

నిండు జీవితం అంటే...

ముసలితనంలో మనిషి తన జీవితాన్ని మొత్తంగా చూసుకుని 'ఇది నాదే, ఇలాగే సరే' అనుకోగలగాలని ఎరిక్‌ ఎరిక్సన్‌ అనే మనస్తత్వవేత్త చెప్పాడు. అలా అనుకోలేకపోతే మిగిలేది నిరాశే అన్నాడు. అంతకు ముందు దశలోనే తన తర్వాతివారి కోసం ఏదో ఒకటి చేయాలన్న తపన పుట్టాలనీ, అదే మనిషిని నిలబెడుతుందనీ ఆయన మాట.

సత్తెనపల్లి పెద్దలకు ఇది చెప్పగానే వావిలాల గోపాలకృష్ణయ్య గుర్తుకొస్తారు. 1906లో పుట్టి 2003లో కన్నుమూసిన ఆయన స్వాతంత్య్ర పోరాటంలో, గ్రంథాలయోద్యమంలో, నాగార్జునసాగర్‌ సాధనలో పాలుపంచుకున్నారు. ఇదే సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్లారు. అధికార భాషాసంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. 1992లో పద్మభూషణ్‌ వచ్చింది. ఇన్నేళ్లలో కూడబెట్టుకున్నది మాత్రం జనం అభిమానమే. తనకేం దక్కిందని లెక్క వేసుకుంటే ఎంతటివారికైనా వెలితి కనిపిస్తుంది. పదిమందికి ఏం చేశామని లెక్క వేసుకుంటే, ఒక్క చెట్టు నాటినవారికీ ఎంతో కొంత నిండుగానే ఉంటుంది.

చింత జబ్బుగా మారితే

మన పత్తి, మిర్చి నేలకు ఈ విషయంలో ఒక చేదు జ్ఞాపకముంది. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలమీద తెల్లదోమ విరుచుకుపడింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 1987-88లో అప్పుల పాలైన పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామరపురుగు మిర్చిని అలాగే ఊడ్చేసింది. 'ఈ పంట వేయకుండా ఉండాల్సింది, ఆ అప్పు తేకుండా ఉండాల్సింది' అని ఆ ఇళ్లలో ఎంతగా కుమిలిపోయి ఉంటారు!

దోమ రావడం రైతు తప్పా? ధర పడటం రైతు తప్పా? చేతిలో లేనిదాన్ని కూడా తన ఖాతాలో రాసుకోవడం దగ్గరే చింత విషంగా మారుతుంది. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, 'నేను లేకపోతేనే ఇంటికి మేలు' అనే మాట రావడం... ఇవి రెండు వారాలు దాటి కొనసాగితే అది ఉత్త దిగులు కాదు, కుంగుబాటు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి. ప్రాణం తీసుకోవాలన్న మాట వినిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్‌ నంబరు 14416. ఏ వేళలోనైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో అందరికీ కనిపించేలా క్యాలెండర్‌ మీద రాసిపెట్టుకోదగ్గ నంబరది.

ఇలా చేసి చూడండి!

* కాగితం మీద రాయండి: మనసులో తిరిగే చింత కాగితం మీద పెడితే చిన్నదవుతుంది. పక్కన రెండు గళ్లు గీయండి. 'ఇంకా చేయగలిగింది' ఒకటి, 'ఇక చేయలేనిది' రెండోది.

* చేయగలిగిన గడిలోంచి ఒక్కటి తీయండి: ఈ వారంలోనే, ఒక చిన్న పని. ఒక ఫోను, ఒక దరఖాస్తు, ఒక క్షమాపణ. పెద్ద పనికి ముహూర్తం చూసుకుంటూ కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి.

* ఆరోజు తెలిసినదాంతోనే తూకం వేయండి: 'అప్పుడు నాకేం తెలుసు, ఇంట్లో పరిస్థితేంటి' అని అడగండి. మీ అన్నో అక్కో అదే పని చేసి ఉంటే ఎలా ఓదారుస్తారో, మీకు మీరూ అలాగే చెప్పుకోండి.

* ఒకరితో చెప్పుకోండి: జీవిత భాగస్వామి, స్నేహితుడు, ఎవరైనా సరే. వినేవారు సలహా ఇవ్వనక్కర్లేదు, మధ్యలో అడ్డుపడకుండా వింటే చాలు.

* చేయలేని గడిని మరొకరికి మేలుగా మార్చండి: చదువుకోలేకపోయినవారు ఒక పేదపిల్ల ఫీజు కట్టొచ్చు. అమ్మానాన్నల్ని చూసుకోలేకపోయినవారు పక్కింటి పెద్దాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లొచ్చు.

* పెద్ద నిర్ణయం ముందు పదేళ్లు ముందుకెళ్లి చూడండి: 'చేస్తే ఎంత బాధపడతాను' అనే కాదు, 'చేయకపోతే ఎంత బాధపడతాను' అని కూడా అడగండి. చాలామంది రెండో ప్రశ్న మర్చిపోతారు.

చింతే లేని జీవితం ఉండదు. ఎంచుకున్న ప్రతి దారి పక్కనా ఎంచుకోని దారి ఒకటుంటుంది. ఆ దారి ఎప్పుడూ పచ్చగానే కనిపిస్తుంది, ఎందుకంటే మనం దాంట్లో నడవలేదు, దాని ముళ్లు మనకు గుచ్చుకోలేదు. అందుకే ఇరవైల్లో తప్పు దిద్దుకుందాం. నలభైల్లో వాయిదా వేసిన పని మొదలుపెడదాం. అరవై దాటాక మనుషుల్ని దగ్గరికి తీసుకుని, మిగతా బరువు దించేద్దాం. ఎప్పటినుంచో చేద్దామనుకుంటున్న ఆ ఒక్క ఫోనూ చేసేయండి!